ఇరవై రెండు సెకన్ల బోధ

పోయిన వారం మిమ్మల్ని క్రెష్ మెట్ల మీద నిలబెట్టి వదిలేశాను. అక్కడే మా పిన్ని కూడా నిలబడి ఉంది. పద్నాలుగేళ్ళుగా పసిపిల్లలకి పాలు పట్టి, జోకొట్టి, ముడ్డి కడిగిన గదిలోకి ఆమెని ఆ రోజు అడుగు పెట్టనివ్వలేదు. ఆరుగురు తల్లులు పిల్లల్ని మాన్పించేశారు మరి. దీనికంతటికీ కారణం అందరి ఫోన్లలోనూ తిరుగుతున్న ఇరవై రెండు సెకన్ల ముక్క. పిన్ని వెళ్ళే ప్రార్థన మందిరంలోని ముసలి బోధకుడి గొంతు అది. తల్లినీ తండ్రినీ, భార్యనీ బిడ్డల్నీ ద్వేషించనివాడు నా వెంట రావడానికి పనికిరాడని ప్రభువు చెప్పాడు, అంటుంది ఆ గొంతు. అంతే, ఇంకేం ఉండదు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి విచారణ పెట్టారు. పిన్ని ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అందులో తేలుతుంది.

నేను సౌండ్ స్టూడియోలో ఎడిటర్ని. నాలుగేళ్ళప్పుడు అమ్మ పోతే నన్ను పెంచింది ఈ పిన్నే. ఆమె దేవుడికీ నాకూ ముఖపరిచయం లేదు. ఆదివారం రావే అని పదేళ్ళు పిలిచింది, పదకొండో ఏడు మానేసింది. అయినా నా టిఫిన్ డబ్బా సర్దడం మాత్రం మానలేదు.

ఈ మూడు వారాల్లో ఆ ముక్కకి తోకలు మొలిచాయి. మొదటి రోజు దాని పైన ఉన్నది ఒకే వాక్యం: వీళ్ళు కన్నవాళ్ళని ద్వేషించమంటున్నారు. రెండో రోజుకి క్రెష్‌లో ఇలాంటి ఆవిడ పని చేస్తోందట అని చేరింది. మూడో రోజుకి ఆవిడ పిల్లల చెవుల్లో మంత్రాలు ఊదుతోందట. నాలుగో రోజుకి మందిరంలో నెలనెలా రక్తం తాగుతారట. వాళ్ళు తాగేది ద్రాక్షరసం, అదీ సీసా మూతంత గ్లాసులో. ఒకసారి పిన్ని ఇంటికి తెస్తే నేనే రుచి చూశాను, దగ్గు మందులా ఉంది. ఇవన్నీ పంపిస్తున్నవాళ్ళు చదువుకున్నవాళ్ళే. ఒకాయన బ్యాంకు ఉద్యోగి. ఆయన కూతురికి మెట్ల మీద నడక నేర్పింది మా పిన్ని. ఆయన కూడా పంపాడు, చివర ఒక నమస్కారం బొమ్మ పెట్టి.

ఆ ముక్కని కోసిందెవరో పట్టుకోవాలని శుక్రవారం పొద్దున్నే స్టూడియోకి వెళ్ళాను. కోసింది మందిరం ఎదురుగా ఉన్న కొళాయిల షాపాయనేనని నాకు గట్టి నమ్మకం. ఆదివారం పాటల మోతకి తన బేరాలు పాడవుతున్నాయని రెండేళ్ళుగా మందిరాన్ని ఖాళీ చేయించాలని చూస్తున్నాడు. మొన్న నడిరోడ్డు మీద ఆయన్ని కడిగి పారేశాను కూడా. "నాకు కొయ్యడం కూడా వచ్చా అమ్మా, నాకు వచ్చిన ముక్క పైన ఒక్క వాక్యం రాసి పంపానంతే," అని ఆయన వెకిలిగా నవ్వాడు.

పెద్ద స్పీకర్లలో పెట్టి విన్నాను. ఫోన్లో వినేటప్పుడు మాటే వినిపిస్తుంది. పెద్ద స్పీకర్లలో మాట చుట్టూ ఉన్నదంతా వినిపిస్తుంది. ప్రసంగంలో ముసలాయన దగ్గి ఉంటాడు, ఆ దగ్గులు లేవు. దగ్గు తీసేసిన చోట గుంట పడకుండా, అదే గదిలోని నిశ్శబ్దం తెచ్చి అతికించారు. అతుకు తెలియట్లేదు. పనితనం తెలిసినవాడే చేశాడు, కొళాయిల షాపాయన వల్ల అయ్యే పని కాదు.

తర్వాత చివర విన్నాను.

మాట అయిపోయాక సగం ఊపిరి ఉంది. ముసలాయన ఇంకా ఏదో చెప్పడానికి గాలి పీల్చుకుంటున్నాడు. అది సగంలో ఉండగా మెల్లగా తగ్గించి ముగించారు. అలా చేస్తే వినేవాడికి మనిషి చెప్పాల్సింది చెప్పేసి ఊరుకున్నట్టు ఉంటుంది. మొత్తం ఊపిరి ఉంచితే ఇంకా ఏదో ఉందని తెలిసిపోతుంది, అసలు లేకుండా చేస్తే కత్తిరించినట్టు తెలిసిపోతుంది. సగం ఊపిరి ఉంచేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కళ్ళే ఉన్నారు. మా యజమాని నన్ను ఎప్పుడూ ఏడిపించేది దాని గురించే, నువ్వు సగం ఊపిరితో బతికేస్తావే అని.

పని పుస్తకం తీశాను. నలభై రోజుల కిందటి పేజీలో మా యజమాని రాత: ప్రార్థన మందిరం. ముప్ఫై ఒకటో నిమిషం నుంచి ఇరవై రెండు సెకన్లు. దగ్గులు తీసెయ్యాలి. గట్టిగా వినపడాలి. దాని పక్కన నా పొట్టి సంతకం.

మీరు నమ్ముతారో లేదో, నేను ఆ మాటలు వినలేదు. మేం ఇలాంటి చిన్న పనులు కంటితో కోస్తాం. శబ్దం తెర మీద గుట్టలు గుట్టలుగా కనపడుతుంది. దగ్గు ఎలా ఉంటుందో, ఊపిరి ఎలా ఉంటుందో చూస్తే తెలిసిపోతుంది. ఆ రోజు ఒక చేత్తో టీ తాగుతూ, రెండో చేత్తో ఒక ముసలాయన మాటని మెడ దగ్గర కోసి, పైన శుభ్రంగా తుడిచి ఇచ్చాను. పిన్ని సర్దిన డబ్బా పక్కనే ఉండి ఉంటుంది. నా మీద నాకే అంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

"పంపింది మందిరం కార్యదర్శే," అన్నాడు మా యజమాని, కళ్ళజోడు తుడుచుకుంటూ. "కొయ్యమన్న చోట కోశాం. మనమేం చేస్తాం?"

"మొత్తం ప్రసంగం ఉందా?"

"నెల దాటితే చెరిపేస్తాం కదా. వాళ్ళ దగ్గరే ఉండాలి."

మందిరమంటే టైర్ల గోడౌను మీద పొడుగాటి హాలు. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన వస్తుంది, పైకెళ్ళాక ఫినాయిలు వాసన వస్తుంది. ప్లాస్టిక్ కుర్చీలు గోడవారన దొంతర్లుగా ఉన్నాయి. నేను వెళ్ళేసరికి రెండు దాటింది. కార్యదర్శి బల్ల ముందు నిలబడి ఏదో బట్ట చుట్ట విప్పుతున్నాడు. ఆయన్ని విశ్వాసులు వెనకాల 'ప్రకటనలు' అంటారు. ప్రసంగానికి ముందు ప్రకటనలు చదవడం ఆయన పని, అవి ప్రసంగమంత ఉంటాయి.

"వందనాలు సిస్టర్," అన్నాడు.

"ఈ ముక్క కొయ్యమని మా స్టూడియోకి పంపింది మీరేనా?"

దాస్తాడనుకున్నాను. కనీసం తల దించుకుంటాడనుకున్నాను.

"నేనే. బాగా చేశారు, మీరేనా చేసింది? అయ్యగారి ప్రసంగం గంటన్నర ఉంటుందమ్మా. ఈ రోజుల్లో ఎవరు వింటారు? చిన్న ముక్కలైతే నలుగురూ పంపుకుంటారు. ఇంతకు ముందు ప్రేమ మీద నాలుగు ముక్కలు పెట్టాను, మన గ్రూపు దాటి బయటికి పోలేదు. మెత్తటి మాట ఎవరూ పంపరు. గుచ్చుకోవాలి."

"గుచ్చుకుంది. మా పిన్నికి."

"ఆమె ధన్యురాలు," అన్నాడు. బస్సులో సీటు దొరికినవాడి గురించి చెప్పినంత తేలిగ్గా అన్నాడు.

"ఆ ముక్కని మీరే బయటికి వదిలారు. దానికి ఆ షాపాయన పైన ఒక్క వాక్యం తగిలించాడంతే. మీరిద్దరూ కలిసి మాట్లాడుకుని చేసినా ఇంత బాగా కుదిరేది కాదు."

"అన్యులు అపార్థం చేసుకుంటారు. అది వాళ్ళ కర్మ. శ్రమలు వస్తాయని ముందే చెప్పబడింది. మీరు నమ్మినవారు కాదు, మీకెలా చెప్పను? ఈ గొడవ మొదలయ్యాక ఆదివారం కుర్చీలు చాలట్లేదు సిస్టర్. గోడకి ఆనుకుని నిలబడుతున్నారు."

అప్పుడు చూశాను, ఆయన విప్పుతున్నదేమిటో. ఫ్లెక్సీ. అందులో మా పిన్ని బొమ్మ ఉంది, ఒళ్ళో ఎవరిదో ఏడాది పిల్ల. కింద ఎర్రటి అక్షరాలు: విశ్వాసం కోసం ఉద్యోగం కోల్పోయిన సోదరి సాక్ష్యం, ఆదివారం ఉదయం తొమ్మిదింటికి, అందరూ ఆహ్వానితులే.

"ఇంకా కోల్పోలేదు కదండీ," అన్నాను.

"నాలుగింటికి విచారణ ఉందిగా," అన్నాడాయన. ఒక మూల మడత పడితే అరచేత్తో సాఫు చేశాడు. అది మా పిన్ని చెంప.

కొట్టాలనిపించింది. నిజంగానే. ఒక మనిషికి కూడు పోతుందా లేదా అని ఇంట్లో ఇద్దరం నిద్రాహారాలు మాని కూర్చుంటే, ఈయన ముందే అచ్చేయించి పెట్టుకున్నాడు. ఆమె ఉద్యోగం మిగిలితే ఈయనకి నష్టం. ఫ్లెక్సీ దండగైపోతుంది. ఎదుటి షాపాయన పగవాడు, ఆయన సంగతి తెలిసిందే. ఈయన మాత్రం 'మన సిస్టర్' అని పిలుస్తూ ఆమె ఉద్యోగం ఊడిపోవాలని కోరుకుంటున్నాడు. రెండో రకం అసహ్యం మొదటిదానికంటే జిగటగా ఉంటుంది, కడుక్కున్నా పోదు.

మాటలు పెద్దవైనట్టున్నాయి, లోపలి గది తలుపు తీసుకుని బోధకుడు వచ్చాడు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, చెవిలో మిషను, భుజం మీద తువ్వాలు.

"ఎవరమ్మా?"

"క్రెష్‌లో పనిచేసే ఆవిడ కూతుర్నండీ." ఎవరడిగినా నేను అలాగే చెబుతాను. "మీ ముక్క విన్నారా?"

"ఏం ముక్క?"

ఆయన వినలేదట. ఆయనకి ఫోన్ లేదు. ఊరంతా ఆయన గొంతు మోగుతోంది, ఆయనకి మాత్రం బయటివాళ్ళు ఏవో నిందలు వేస్తున్నారని చెప్పి ప్రార్థన చేయించారు. తనకి కావలసినవన్నీ ఒకడి చేతిలో పెట్టి లోపల కూర్చున్నందుకు ఆయన మీద కూడా నాకు ఒళ్ళు మండింది. మిషనున్న చెవి దగ్గర ఫోన్ పెట్టి వినిపించాను. ఒకసారి విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. రెండోసారి వింటున్నప్పుడు ఆ సగం ఊపిరి దగ్గర ఆయన నోరు తెరుచుకుంది, తర్వాతి మాట అందుకోబోతున్నట్టు.

"తర్వాతది ఏది?" అన్నాడు.

"లేదండీ. ఇంతే పంపారు."

"అసలు సంగతి తర్వాతే కదా చెప్పాను." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఈ మాట వినగానే భయపడొద్దని చెప్పాను. అందరికంటే నన్ను ముందు పెట్టుకోమని ప్రభువు అంత గట్టిగా చెప్పాడు గానీ, అమ్మని వీధిలోకి గెంటమని కాదు. గెంటినవాళ్ళని ఆయన వదల్లేదు. మాదంతా దేవుడికిచ్చేశామని చెప్పి కన్నవాళ్ళకి ముద్ద పెట్టనివాళ్ళని మొహం మీదే దులిపేశాడు. తను ప్రాణం విడుస్తూ కూడా తల్లిని ఒకరికి అప్పజెప్పి విడిచాడు. ఈ మాట చూపించి ఇంట్లోవాళ్ళతో మాట్లాడడం మానేసినవాడు ఎవడైనా ఉంటే, ముందు ఇంటికి పోయి వాళ్ళ కాళ్ళు పట్టుకుని అప్పుడు రండి, అని చెప్పాను. నలభై నిమిషాలు చెప్పాను."

"అదంతా లోతైన సంగతి అయ్యగారూ," అన్నాడు కార్యదర్శి. "బయటివాళ్ళకి అర్థం కాదు."

"నీకు అర్థమైందా?"

కార్యదర్శి చిన్నబుచ్చుకున్నాడు. "నిందలు పడ్డవాళ్ళు ధన్యులని మీరే కదా..."

"అబద్ధంగా నిందలు వేస్తే, అన్నాడు ఆయన. దీంట్లో అబద్ధం ఏముంది? మనం పంపించిందేగా." ముసలాయన ఫ్లెక్సీ వైపు చాలాసేపు చూశాడు. ఎర్రటి అక్షరాలు రెండుసార్లు చదివి ఉంటాడు. "ఇది తీసెయ్. దీన్ని చూస్తుంటే నాకు అసహ్యం వేస్తోంది."

మూడు వారాల్లో నా మనసులో మాట ఇంకొకరి నోటి నుంచి రావడం అదే మొదలు.

"మొత్తం ప్రసంగం నాకివ్వండి," అన్నాను. "నాలుగింటికి అక్కడ వినిపిస్తాను. ఆ నలభై నిమిషాలూ కూర్చోబెట్టి వినిపిస్తాను."

"కమిటీలో పెట్టాలి సిస్టర్. అలా అడగ్గానే ఇవ్వడానికి..."

"ఇవ్వు," అన్నాడు బోధకుడు.

కార్యదర్శి తాళాల కోసం జేబులు తడుముకున్నాడు, నెమ్మదిగా, ఒక్కో జేబూ. "ఇప్పుడెందుకు ఈ హడావుడి? ఆమె అన్నీ చూసుకుంటుంది. పొద్దున్నే వెళ్ళి ధైర్యం చెప్పొచ్చాను."

"ఏం చెప్పొచ్చారు?"

"కాదనొద్దని చెప్పాను. ప్రభువు ఎవరో నాకు తెలియదని ముమ్మారు బొంకిన శిష్యుడి సంగతి గుర్తు చేశాను. మన సిస్టర్ మనసు మంచిది, అది వినగానే ఏడ్చింది."

"ఆ రోజు ఆమె ఇక్కడే ఉంది కదా," అన్నాడు బోధకుడు నాతో. "మొత్తం వింది కదా. వాళ్ళకి ఆమే చెబుతుందిలే."

"ఆమె ఎప్పుడు వింటుందండీ మీ ప్రసంగం? ఏ ఆదివారమైనా ఆమెని కుర్చీలో చూశారా? అందరూ వినాలని పిల్లలందర్నీ వెనక గదిలోకి తీసుకుపోయి ఆడిస్తుంది. పద్నాలుగేళ్ళుగా. పాటలు వినిపిస్తాయి గానీ మాటలు తెలియవంటుంది. మీరేం చెప్పారో ఆమెకీ ఈ ఇరవై రెండు సెకన్లే తెలుసు."

ముసలాయన వెనక గది తలుపు వైపు చూశాడు. కింద గోడౌన్లో టైర్లు దొర్లించుకుంటూ పోతున్న చప్పుడు.

అప్పుడే నా ఫోన్ మోగింది. పిన్ని.

"ఎక్కడున్నావే? అన్నం తిన్నావా?" అంది ముందు. గొంతు మెల్లగా ఉంది, పసిపిల్లలు నిద్రపోతున్న గదిలో మాట్లాడినట్టు. "ఇక్కడ ముందే మొదలుపెట్టేశారు. పెద్దాయనెవరికో పనుందట, రెండున్నరకే పిలిచారు. క్రెష్ మేడమ్‌ని అడిగి నీకు చేస్తున్నాను. ఒక్క నిమిషమే."

"పిన్నీ, నేను వస్తున్నాను. ఏమీ చెప్పకు."

"చెప్పడం కాదే, కాగితం ఇచ్చారు. మూడు ప్రశ్నలు. ఈ మాటలు మీ బోధకుడివేనా అని ఒకటి. ఆయనవే కదా, అవునని రాశాను. మీరు వాటిని నమ్ముతారా అని రెండోది. అవునని రాశాను. నాకు అవి పూర్తిగా అర్థం కాలేదే, నిజం చెబుతున్నా. కానీ పదిమంది ముందు కూర్చోబెట్టి అడిగితే ప్రభువుని కాదనమంటావా?"

కార్యదర్శి నా మొహం చూసి సగం అర్థం చేసుకున్నాడు, తృప్తిగా తల ఆడించాడు.

"మూడోది దగ్గర ఆగిపోయాను," అంది పిన్ని. "మీ ఇంట్లో ఈ నమ్మకం లేనివాళ్ళు ఉన్నారా, ఉంటే వాళ్ళని మీరు ద్వేషిస్తారా అని అడిగారు. నా ఇంట్లో ఉన్నది నువ్వే కదే. అవునని రాస్తే నీ మొహం ఎలా చూడను? కాదని రాస్తే రేపు ఆయన మొహం ఎలా చూడను? ఇందాకట్నుంచి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నువ్వు చదువుకున్నదానివి. ఏం రాయమంటావు?"

ఆమెకి అన్నీ చెప్పాలనుకున్నాను. నలభై నిమిషాల సంగతి, కాళ్ళు పట్టుకోమన్న సంగతి, ఫ్లెక్సీ సంగతి. పక్కనే బోధకుడు కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకుని తంటాలు పడుతున్నాడు, ఫోన్ ఇటివ్వమ్మా అంటూ. ఒక్క నిమిషమే అంది ఆమె. ఆ ఒక్క నిమిషంలో ఏది ముందు చెబితే ఆమె నమ్ముతుందో నాకు తెలియలేదు. అన్నిటికంటే బరువుగా ఉన్నదే నోట్లోంచి వచ్చేసింది.

"ఆ మాట అంతటితో అయిపోలేదు పిన్నీ. తర్వాత చాలా ఉంది. దాన్ని కోసేశారు. కోసింది నేనే."

అటు నుంచి ఎవరో టైమైపోతోందమ్మా అన్నారు. కుర్చీ జరిగింది.

తర్వాత కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు విన్నాను. ఒకే ఒక్క మాట రాసింది, అంతకు మించి రాసేంతసేపు పెన్ను కదల్లేదు; అవునో కాదో ఆ చప్పుడుని బట్టి తెలియలేదు. ఫోన్ పెట్టేసింది.